ఫోటోతో పాటు ఏం వెళ్లాలి, ఏం ఆగాలి: మెటాడేటా పంచుకోవడానికి ఐదు దారులు

మంచి ఫోటో ఒకటి పెట్టగానే ఎవరో ఒకరు అడుగుతారు, "సెట్టింగ్స్ ఏంటి బ్రో?" అని. అక్కడి నుంచి ఫోటోగ్రాఫర్లు రెండు జట్లు. చెప్తే పోయేదేముంది అని ఒక జట్టు, ఏళ్ల తరబడి పడ్డ కష్టాన్ని ఊరికే ఎందుకివ్వాలి అని ఇంకో జట్టు. నేను రెండింట్లోనూ కొన్నాళ్లు ఉన్నాను. ఇప్పుడు ఆ గొడవే దండగ అనిపిస్తుంది. ఫోటో ఫైల్ తన లోపల మోసుకెళ్లే సమాచారాన్ని మెటాడేటా అంటారు. ఆ సామానులో షట్టర్ స్పీడ్, అపర్చర్ లాంటి కెమెరా సెట్టింగ్స్ అన్నిటికంటే తేలికైనవి. వాటి గురించి గంటలకొద్దీ వాదించేవాళ్లే తమ ఇల్లెక్కడో తమకే తెలియకుండా లోకానికి చెప్పేస్తుంటారు. ఫోటో వెంట ఉండాల్సిన తమ పేరును మాత్రం ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు, అంటే ఎడిటింగ్ అయ్యాక ఫైల్‌ను బయటికి తీసేటప్పుడు, చేజేతులా చెరిపేసుకుంటారు.

కాబట్టి "పంచుకోవాలా, వద్దా" అని కాకుండా "ఏది పంచుకోవాలి, ఏది ఆపాలి" అని అడగాలి. దానికి ముందు అసలు లోపల ఏముందో చూద్దాం.

## ఒక ఫైల్ విప్పి చూస్తే

ఈమధ్య తెల్లవారుజామున తీసిన కొంగ ఫోటో ఒకటి తెరిచాను. పైకి కనిపించేది నీళ్లు, మంచు, ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ. అంతే. మెటాడేటా చూపించే టూల్‌లో పెడితే మాత్రం రెండొందలకు పైగా వరుసలు వచ్చాయి.

మొదటివి అందరికీ తెలిసినవే: 1/1250 సెకను (షట్టర్ తెరిచి ఉన్న సమయం), ఎఫ్ 5.6 (అపర్చర్, అంటే లెన్స్ రంధ్రం ఎంత తెరిచామో), ఐఎస్ఓ 800 (వెలుగుకు సున్నితత్వం), 400 మిల్లీమీటర్లు (లెన్స్ ఫోకల్ లెంగ్త్). తర్వాత ఫోటో తీసిన సమయం, సెకన్లతో సహా. కెమెరా మోడల్, దాని సీరియల్ నంబర్, లెన్స్ సీరియల్ నంబర్. కెమెరాను ఫోన్ యాప్‌తో జతచేసి ఉంచడం వల్ల అక్షాంశం, రేఖాంశం, సముద్ర మట్టం నుంచి ఎత్తు కూడా. ఇంకా కిందికి వెళ్తే లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నేను నీడల్ని ఎంత లేపానో, పొగమంచును ఎంత పెంచానో, ఒక్కో స్లైడర్ విలువ అక్కడ రాసి ఉంది. మంచు అంత దట్టంగా లేదని ఒప్పుకోక తప్పదు.

ఇదంతా ఒకరు రాసింది కాదు. కెమెరా రాసే భాగాన్ని ఎగ్జిఫ్ అంటారు. జపాన్ ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ సంఘం 1995లో తెచ్చిన ప్రమాణం అది. ఫోటో ఎవరు తీశారు, హక్కులు ఎవరివి, క్యాప్షన్ ఏమిటి అని మనుషులు రాసే గడులు వార్తా సంస్థల ప్రపంచం నుంచి వచ్చాయి. వాటిని ఐపీటీసీ గడులు అంటారు. సాఫ్ట్‌వేర్ తన లెక్కలన్నీ రాసుకునే ఎక్స్‌ఎంపీని 2001లో అడోబీ తెచ్చింది. అంటే ఒకే ఫైల్‌లో కెమెరా, మీరు, సాఫ్ట్‌వేర్, ముగ్గురూ ఎవరి డైరీ వాళ్లు రాసుకుంటున్నారన్నమాట.

ఎంపిక సులువుగా ఉండాలంటే ఈ రెండొందల వరుసల్ని నాలుగు మూటలుగా కట్టుకోండి:

- సెట్టింగ్స్: షట్టర్, అపర్చర్, ఐఎస్ఓ, లెన్స్
- చోటు, సమయం: జీపీఎస్, తేదీ, గంట
- పేరు, హక్కులు: ఎవరు తీశారు, కాపీరైట్, సంప్రదించడానికి వివరాలు
- ఆనవాళ్లు: సీరియల్ నంబర్లు, ఎడిటింగ్ వివరాలు, లోపల దాగే చిన్న బొమ్మ

నాలుగో మూట సంగతి చాలామందికి తెలియనే తెలియదు. చాలా జేపెగ్ ఫైళ్లలో ఒక చిన్న థంబ్‌నెయిల్ కూడా ఉంటుంది. పాతకాలపు కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు పెద్ద ఫోటోను క్రాప్ చేసి, లోపలి చిన్న బొమ్మను అలాగే వదిలేసేవి. మీరు పక్కనున్న మనిషిని కత్తిరించి ఫోటో పెడతారు, ఆ మనిషి థంబ్‌నెయిల్‌లో నవ్వుతూ ఉంటాడు. ఇప్పటి సాఫ్ట్‌వేర్లలో ఇది అరుదు. అయినా ఎవరినైనా క్రాప్‌తో దాచారంటే ఒకసారి చూసుకోవడం మంచిది.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

నేను ఐదు ప్రశ్నలు వేసుకుంటాను. ఈ వరుసలోనే.

ఒకటి, ఇది బయటపడితే ఎవరికైనా హాని ఉందా? నాకు మాత్రమే కాదు, ఫోటోలో ఉన్న మనిషికి, పక్షికి, ఆ చోటుకి. రెండు, ఫోటో చేతులు మారినా నా పేరు దాని వెంట ఉంటుందా? మూడు, చూసేవాళ్లు దీని నుంచి ఏమైనా నేర్చుకుంటారా? నాలుగు, ఈ ఫోటో నిజమైనదేనని రేపు చూపించాల్సి వస్తుందా? ఐదు, ప్రతిసారీ ఇంత పని చేసే ఓపిక నాకుందా?

ఐదోదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. రోజుకు పది ఫోటోలు పెట్టేవాళ్లు ఒక్కోదానికీ ఆలోచించి నిర్ణయం తీసుకోరు. ఒకసారి అమర్చి దాచుకునే ప్రీసెట్‌గా మారని పద్ధతి వారానికి మించి నిలవదు.

| దారి | చోటు బయటపడే ప్రమాదం | పేరు నిలుస్తుందా | నేర్చుకునేవాళ్లకు లాభం | శ్రమ |
|---|---|---|---|---|
| అన్నీ ఉంచేయడం | చాలా ఎక్కువ | నిలుస్తుంది | బాగానే | ఏమీ లేదు |
| అన్నీ తీసేయడం | ఫైల్ నుంచి లేదు | పోతుంది | శూన్యం | తక్కువ |
| పేరు, హక్కులు మాత్రమే | లేదు | నిలుస్తుంది | శూన్యం | ఒక్కసారి అమర్చుకుంటే చాలు |
| చోటు తప్ప అన్నీ | తక్కువ, కానీ ఉంది | నిలుస్తుంది | బాగానే | ఒక్కసారి అమర్చుకుంటే చాలు |
| ఫైల్‌లో పేరు, మిగతాది క్యాప్షన్‌లో | మీరు చెప్పినంతే | నిలుస్తుంది | అన్నిటికంటే ఎక్కువ | ప్రతి ఫోటోకీ రాయాలి |

## మొదటి దారి: అన్నీ ఉంచేయడం

చాలామంది ఈ దారిని ఎంచుకోరు, అందులో ఉండిపోతారంతే. ఏమీ మార్చకపోతే జరిగేది ఇదే.

దీనివల్ల ఏమవుతుందో చెప్పడానికి 2012 డిసెంబర్‌లో జరిగింది చాలు. యాంటీవైరస్ కంపెనీ పెట్టిన జాన్ మెకాఫీ అప్పుడు బెలిజ్ పోలీసులకు దొరక్కుండా తిరుగుతున్నాడు. ఆయనతో ఉన్న వైస్ పత్రిక విలేకరులు ఒక ఫోటో ప్రచురించారు. ఐఫోన్‌తో తీసిన ఆ ఫోటోలో జీపీఎస్ అలాగే ఉండిపోయింది. ఆయన గ్వాటెమాలాలో ఎక్కడున్నాడో చదివేవాళ్లు చెప్పేశారు. కొద్దిరోజుల్లోనే ఆయన్ని అక్కడ అదుపులోకి తీసుకున్నారు. కంప్యూటర్ భద్రతతో పేరు తెచ్చుకున్న మనిషి కథ ఇది.

పరారీలో ఉన్నవాళ్ల సంగతి మనకెందుకు అంటారా? 2014లో ఓవెన్ మండీ అనే కళాకారుడు, ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ అధ్యాపకుడు, జనం ఆన్‌లైన్‌లో పెట్టిన పది లక్షల పిల్లి ఫోటోలను వాటి లొకేషన్ ఆధారంగా ప్రపంచ పటం మీద పెట్టాడు. ఆ వెబ్‌సైట్ పేరే "మీ పిల్లి ఎక్కడుంటుందో నాకు తెలుసు" అని. పిల్లి ఉండేది ఇంట్లోనే కదా.

ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకుంటే మంచిది. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే దాదాపు 111 కిలోమీటర్లు. దశాంశ బిందువు తర్వాత రెండు అంకెలు ఉంటే కిలోమీటరు దాకా తెలుస్తుంది, నాలుగు ఉంటే 11 మీటర్ల దాకా. ఫోన్లు అంతకంటే ఎక్కువ అంకెలే రాస్తాయి. జీపీఎస్‌లో కొన్ని మీటర్ల తేడా ఉంటుంది నిజమే, కానీ ఏ వీధిలో ఏ ఇల్లో కనుక్కోవడానికి అది అడ్డం కాదు.

ఒక్క ఫోటోతో ఇల్లు దొరకదు, అది ఏ పార్కులో తీసిందో ఎవరికి తెలుసు అని కొందరంటారు. ఒక్కటైతే నిజమే. యాభై ఫోటోలు పెట్టాక, వాటిలో రాత్రి తొమ్మిది దాటాక తీసిన ముప్పై ఒకే చోటివైతే? చోటు, సమయం రెండూ కలిసినప్పుడే అసలు చిక్కు. ఖరీదైన కెమెరా మోడల్, లెన్స్ పేరు, ఇంటి లొకేషన్, "పది రోజులు ట్రిప్‌లో ఉన్నాం" అనే క్యాప్షన్, ఈ నాలుగూ ఒకే పేజీలో కనిపించేలా పెట్టడం దొంగ చేతికి తాళాలివ్వడమే.

అయితే ఈ దారి అక్కరకొచ్చే చోట్లు లేకపోలేదు. స్నేహితులకు, ఎడిటర్‌కు, క్లయింట్‌కు ఒరిజినల్ ఫైల్ పంపేటప్పుడు అన్నీ ఉండటమే మేలు. శాస్త్రీయ పరిశీలన కోసం తీసిన మొక్క ఫోటోకు చోటు లేకపోతే సగం విలువ పోతుంది. సీరియల్ నంబర్ ఉన్న ఫోటోలు ఆన్‌లైన్‌లో ఉంటే, కెమెరా పోయినప్పుడు ఆ నంబర్‌తో వెతికే సదుపాయాలూ ఉన్నాయి. మరి లోకమంతా చూసే చోట? అక్కడ ఇది వద్దు.

## రెండో దారి: అన్నీ తీసేయడం

భయం పుట్టినవాళ్లు మొదట చేసే పని ఇది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడం అంటాను నేను.

లొకేషన్ పోతుంది, సరే. దాంతో పాటు మీ పేరూ పోతుంది. ఫోటో నాలుగు చేతులు మారాక, నిజాయితీగా మీ అనుమతి అడగాలనుకున్న మనిషికి కూడా ఎవరిని అడగాలో తెలియదు. దొంగిలించేవాడు ఎలాగూ దొంగిలిస్తాడు, మెటాడేటా వాడిని ఆపదు. అడిగి వాడుకునేవాళ్లు దొరకకుండా పోవడం మాత్రం మీరు చేసుకున్నదే.

ఇంకో రెండు చిన్న చిక్కులు. "మొత్తం శుభ్రం చేసే" కొన్ని టూల్స్ రంగుల్ని ఎలా చూపించాలో చెప్పే కలర్ ప్రొఫైల్‌ను కూడా చెత్తతో పాటు ఊడ్చేస్తాయి. అడోబీ ఆర్‌జీబీ అనే విస్తృత రంగుల పద్ధతిలో ఎక్స్‌పోర్ట్ చేసిన ఫోటో అయితే రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. నిలువు ఫోటోను నిలువుగా చూపించమని చెప్పే ఓరియంటేషన్ గుర్తు కూడా పోతే ఫోటో పక్కకి పడుకుంటుంది. ఫోటో పెట్టాక రంగు మారిందని, తల పక్కకి తిరిగిందని టెన్షన్ పడేవాళ్లలో కొందరి కథ ఇదే.

తీసేస్తే ఫైల్ తేలికవుతుందన్న వాదన ఉంది. జేపెగ్‌లో ఎగ్జిఫ్ భాగం 64 కిలోబైట్లు దాటదు. నాలుగు మెగాబైట్ల ఫోటోలో అదెంత? ఫోటోషాప్‌లో పొరలు పొరలుగా చేసిన ఫైళ్లలో మాత్రం ఎక్స్‌ఎంపీ కొన్నిసార్లు విపరీతంగా ఉబ్బుతుంది. అప్పుడు తీసేయడంలో అర్థముంది.

ఈ దారి ఎవరికంటే, తాము ఫోటో తీశామని తెలియడమే ప్రమాదమైనవాళ్లకు. నిరసనల్లో, ఘర్షణల్లో ఫోటోలు తీసేవాళ్లు, హింస నుంచి తప్పించుకుని బతుకుతున్నవాళ్లు. వాళ్లకు పేరు నిలవడం కంటే తాము నిలవడం ముఖ్యం. వాళ్లు సీరియల్ నంబర్‌ను కూడా మరిచిపోకూడదు. పేరు లేకుండా పెట్టిన ఫోటోలోనూ, పేరుతో పెట్టిన పాత ఫోటోలోనూ ఒకే కెమెరా నంబర్ ఉంటే పేరు దాచి లాభం లేదు.

## మూడో దారి: పేరు, హక్కులు మాత్రమే

డబ్బు కోసం ఫోటోలు తీసేవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఇదే. లైట్‌రూమ్‌లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు మెటాడేటా అనే విభాగంలో "కాపీరైట్, సంప్రదించే వివరాలు మాత్రమే" అన్న ఎంపిక ఉంటుంది. ఒకసారి ప్రీసెట్‌లో పెట్టేస్తే ఇక దాని జోలికి పోనక్కర్లేదు.

దీనివల్ల లాభం మాటవరసకి చెప్పేది కాదు. 2020 నుంచి గూగుల్ ఇమేజెస్‌లో, ఐపీటీసీ గడుల్లో హక్కుల పేజీ లింకు ఉన్న ఫోటోలకు "లైసెన్స్ తీసుకోవచ్చు" అన్న గుర్తు కనిపించే వీలుంది. చట్టం సంగతికొస్తే, 1996 నాటి వైపో (ప్రపంచ మేధో సంపత్తి సంస్థ) కాపీరైట్ ఒప్పందం 12వ అధికరణం ఫోటోతో పాటు ఉన్న హక్కుల సమాచారాన్ని కావాలని చెరిపేయకుండా రక్షణ కల్పించమని సభ్య దేశాలను కోరుతుంది. అమెరికాలో 1998 నాటి డీఎంసీఏ అనే డిజిటల్ కాపీరైట్ చట్టం ప్రకారం, ఉల్లంఘనకు దారితీస్తుందని తెలిసీ దాన్ని చెరిపితే ఒక్కో ఉల్లంఘనకు 2,500 నుంచి 25,000 డాలర్ల దాకా పరిహారం పడొచ్చు. అసలు పేరే రాయకపోతే చెరిపారని ఎలా అంటారు?

దీని లోపం, సోషల్ మీడియాలో చాలా చోట్ల ఆ గడులు కూడా ఎగిరిపోతాయి. అందుకే మూలన చిన్న సంతకం పెట్టుకునేవాళ్లు పెట్టుకుంటారు. నాకు ఫోటో మీద అక్షరాలు నచ్చవు, అది నా పట్టుదల.

ఒక హెచ్చరిక, స్వానుభవం. నా రెండో కెమెరా సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కాపీరైట్ గడిలో పేరు రాసుకునే వీలు కెమెరా మెనూలోనే ఉంటుందని అప్పటికి నాకు తెలియదు. మూడు నెలల తర్వాత ఒక ఫోటో అడిగిన డిజైనర్, "క్రెడిట్ ఈయనకే ఇవ్వాలా?" అని నేనెప్పుడూ వినని పేరు పంపింది. పాత యజమాని పేరు! మూడు నెలల ఫోటోలన్నీ నేను తీసి ఆయన ఖాతాలో జమ చేశాను. ఫైళ్లన్నీ మళ్లీ తెరిచి సరిచేయడానికి ఒక ఆదివారం పూర్తిగా పోయింది. వాడిన కెమెరా కొంటే ఫార్మాట్ చేయడం కంటే ముందు ఆ మెనూ చూడండి. అమ్మితే మీ పేరు తీసేయండి.

## నాలుగో దారి: చోటు తప్ప అన్నీ

సరదాకి ఫోటోలు తీసేవాళ్లకు, ఫ్లికర్ లాంటి ఫోటో సైట్లలో ఒకరి ఫోటోలు ఒకరు చూసి నేర్చుకునేవాళ్లకు ఇది సరిపోతుంది. సెట్టింగ్స్ తెలుస్తాయి, పేరు ఉంటుంది, ఇల్లు తెలియదు.

సెట్టింగ్స్ ఇచ్చేస్తే రహస్యం పోతుందన్న భయానికి నా జవాబు ఆ కొంగ ఫోటోనే. 1/1250, ఎఫ్ 5.6, ఐఎస్ఓ 800. ఈ మూడూ తీసుకెళ్లి అదే చోట మధ్యాహ్నం వాడితే ఫోటో తెల్లగా కాలిపోతుంది. అక్కడ పనిచేసింది వెలుగు ఎటు నుంచి పడుతోందన్నది, నేను నేల మీద పడుకుని ఉండటం, నలభై నిమిషాలు కదలకపోవడం. వీటిలో ఒక్కటీ ఎగ్జిఫ్‌లో లేదు. ఫ్లాష్ వెలిగిందా లేదా అన్నది ఉంటుంది, దాన్ని ఎక్కడ పెట్టారు, ముందు ఏం కట్టారు అన్నది ఉండదు. లెన్స్ ముందు పెట్టిన ఫిల్టర్ కూడా కనిపించదు.

అలాగని అవి పనికిరావని కాదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు కదులుతున్న నీళ్లు పాలలా కనిపించాలంటే సెకనులో ఎన్నో వంతు సరిపోదో, ఎన్ని సెకన్లు కావాలో ఫోటో పక్కనే చూస్తే ఒక్కసారిగా అర్థమవుతుంది. నేను అలాగే నేర్చుకున్నాను. నాకు ఎవరో ఉచితంగా ఇచ్చిందాన్ని నేను దాచుకోవడం నాకే బాగోదు.

కాకపోతే ఈ దారిలో నాలుగో మూట జారిపోతుంది. "లొకేషన్ తీసేయి" అని టిక్ పెడితే సీరియల్ నంబర్లు, ఎడిటింగ్ స్లైడర్లు అలాగే ఉంటాయి. లైట్‌రూమ్‌లో అన్నీ ఉంచే ఎంపికతో పాటు, "కెమెరా రా సమాచారం (అంటే ఎడిటింగ్ స్లైడర్ విలువలు) తప్ప అన్నీ" అన్నది వేరే ఉంది. తమ స్లైడర్ విలువల్ని ప్రీసెట్లుగా అమ్ముకునేవాళ్లు రెండోది ఎంచుకోకపోతే సరుకును ఫోటోతో పాటు ఉచితంగా ఇచ్చినట్టే. ఫోటో నుంచి ఆ స్లైడర్ విలువల్ని తిరిగి రాబట్టుకోవడం పెద్ద విద్యేం కాదు.

## ఐదో దారి: ఫైల్‌లో పేరు, కథ క్యాప్షన్‌లో

నేను చివరికి చేరింది ఇక్కడికి. ఫైల్‌లో మూడో దారిలో లాగే పేరు, హక్కులు మాత్రమే ఉంచుతాను. చెప్పదగ్గది ఉంటే ఫోటో కింద రాస్తాను.

"1/1250" అన్న అంకె కంటే "రెక్క విప్పుతుందేమోనని వేగం పెంచి పెట్టుకున్నాను, విప్పలేదు, 1/250 చాలేది" అన్న వాక్యం ఎక్కువ నేర్పిస్తుంది. అంకె నిర్ణయం మాత్రమే చెప్తుంది, ఎందుకన్నది చెప్పదు. పైగా క్యాప్షన్‌ను ఏ సైటూ చెరపదు. చోటు కూడా ఎంత చెప్పాలో మన చేతిలో ఉంటుంది: జిల్లా పేరు చాలనుకుంటే జిల్లా, దేశం చాలనుకుంటే దేశం.

ఇబ్బంది ఒక్కటే, రాయాలి. యాభై ఫోటోల ఆల్బమ్‌కు ఎవరూ రాయరు. నేనూ రాయను.

## ఎవరికి ఏది

పెళ్లిళ్లు, పిల్లల ఫోటోలు తీసేవాళ్లు: మూడో దారి, మరో మాట లేదు. ఆ లొకేషన్ మీది కాదు, క్లయింట్ ఇంటిది. చిన్నపిల్లల ఫోటోల్లో ముఖాలకు పేర్లు తగిలించే వ్యక్తుల కీవర్డ్‌లు కూడా మెటాడేటాలో చేరతాయి. లైట్‌రూమ్‌లో వ్యక్తుల సమాచారం తీసేసే టిక్ విడిగా ఉంది. అది కూడా పెట్టండి. తల్లిదండ్రులు ఇంటి దగ్గర ఫోన్‌తో తీసిన ఫోటోలకూ ఇదే వర్తిస్తుంది.

పక్షులు, జంతువులు, అరుదైన మొక్కలు: ఇక్కడ ప్రమాదం మీకు కాదు కాబట్టే ఎక్కువ జాగ్రత్త పడాలి. గూడు దగ్గరి ఫోటోకు లొకేషన్ ఉంటే మర్నాడు ఇరవై మంది కెమెరాలతో దిగుతారు, తల్లి పక్షి గూడు వదిలేయొచ్చు. ఖడ్గమృగాలున్న చోట సందర్శకుల్ని ఫోన్‌లో జియోట్యాగ్ (ఫోటోకు లొకేషన్ జతచేయడం) ఆపేయమని బోర్డులు పెట్టింది వేటగాళ్ల భయంతోనే. పరిశీలనలు నమోదు చేసే ఐనేచురలిస్ట్ దీనికి మంచి పద్ధతి పెట్టింది: ప్రమాదంలో ఉన్న జాతులకు అసలు చోటు చూపించకుండా 0.2 డిగ్రీల పొడవు వెడల్పుల గడిలో ఎక్కడో ఒకచోట చుక్క పెడుతుంది. ఎవరి దగ్గర దాచాలో వాళ్లకు ఎక్కడో తెలియదు, శాస్త్రానికి ఏ ప్రాంతమో తెలుస్తుంది. ఐదో దారి పట్టేవాళ్లు క్యాప్షన్‌లో కూడా ఈ కొలతే పాటించొచ్చు.

ప్రకృతి దృశ్యాలు తీసేవాళ్లు: పేరున్న శిఖరం, పేరున్న జలపాతం అయితే దాచడానికేముంది, నాలుగో దారి హాయిగా వాడుకోండి. ఎవరికీ తెలియని గుట్ట మీది పూల మైదానం అయితే మాత్రం ఆగి ఆలోచించండి. వంద జతల బూట్లు తొక్కితే మిగిలేది మట్టే.

వార్తా ఫోటోగ్రాఫర్లు: వీళ్లది రెండు పడవల మీద ప్రయాణం. డెస్క్‌కు అన్నీ వెళ్లాలి: సమయం, చోటు, క్యాప్షన్, పేరు. జనానికి వెళ్లే కాపీలో చోటు పోవాలి, పేరు ఉండాలి. నమ్మకం సంగతికొస్తే, మామూలు ఎగ్జిఫ్‌ను ఎవరైనా రెండు నిమిషాల్లో మార్చేయొచ్చు, అది సాక్ష్యం కాదు. అందుకే అడోబీ, మైక్రోసాఫ్ట్, బీబీసీ వంటివి కలిసి 2021లో సీ2పీఏ అనే ప్రమాణం మొదలుపెట్టాయి. అందులో ఫోటో పుట్టిన క్షణం నుంచి జరిగిన మార్పులకు డిజిటల్ సంతకం పడుతుంది. 2023లో వచ్చిన లైకా ఎం11-పీ దాన్ని కెమెరాలోనే అమర్చిన మొదటిది. సంతకం ఉన్నా దాన్ని తీసేసిన కాపీలు తిరుగుతూనే ఉంటాయి. సంతకం లేకపోతే అబద్ధమని అర్థం కాదు, ఉంటే నమ్మడానికి ఒక కారణం దొరుకుతుంది.

పోటీలకు పంపేవాళ్లు: ఏ దారి పట్టినా మీ దగ్గరున్న ఒరిజినల్‌ను ముట్టుకోవద్దు. చెరిపేది ఎప్పుడూ కాపీలోనే. వరల్డ్ ప్రెస్ ఫోటో లాంటి పోటీల్లో చివరి దశకు వచ్చిన ఫోటోలకు కెమెరా నుంచి వచ్చిన ఫైళ్లు అడుగుతారు. అప్పుడు తీసేశానంటే కుదరదు.

నేర్చుకుంటున్నవాళ్లు: నాలుగోది. దాచుకునేది ఇంకా ఏమీ ఉండదు, మీ తప్పు చూసి చెప్పేవాళ్లకు అంకెలు కావాలి.

## సైట్లు చేసేది వేరు

మీరు ఏం ఎంచుకున్నా, పెట్టే చోటు తన పని తాను చేస్తుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్ జనానికి చూపించే కాపీ నుంచి జీపీఎస్, సెట్టింగ్స్ తీసేస్తాయి. అయితే మీరు అప్‌లోడ్ చేసిన ఫైల్ వాళ్ల చేతికి మాత్రం నిండుగానే వెళ్తుంది. తీసేశారు అంటే చూడలేదు అని కాదు. ఫ్లికర్ సెట్టింగ్స్ చూపిస్తుంది, వద్దంటే దాచే వీలు ఇస్తుంది, లొకేషన్ ఎవరికి కనిపించాలో విడిగా అడుగుతుంది. ఒరిజినల్ డౌన్‌లోడ్‌కు అనుమతి ఇచ్చారా లేదా అన్నది కూడా అక్కడ చూసుకోవాలి.

వాట్సాప్‌లో ఫోటోగా పంపితే కుదించి, మెటాడేటా తీసేసి పంపుతుంది. అదే ఫోటోను "డాక్యుమెంట్"గా పంపితే క్వాలిటీతో పాటు లొకేషన్ కూడా చెక్కుచెదరకుండా వెళ్తుంది. క్వాలిటీ కోసం డాక్యుమెంట్‌గా పంపండి అని అందరం చెప్పుకుంటాం, ఈ సగం మాత్రం చెప్పుకోం. ఈమెయిల్‌లోనూ అంతే, ఏమీ పోదు. సొంత వెబ్‌సైట్ పెట్టుకున్నవాళ్లు అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాలి. అక్కడ చెరిపే కంపెనీ ఎవరూ లేరు, మీరు పెట్టిందే సర్వర్లో కూర్చుంటుంది.

## చేతిలో పని

ఐఫోన్‌లో షేర్ నొక్కాక పైన "ఆప్షన్స్" అని చిన్నగా కనిపిస్తుంది. అందులో లొకేషన్ ఆపేయొచ్చు. కెమెరా యాప్‌కు లొకేషన్ అనుమతే తీసేస్తే పూర్తి నిశ్చింత, కానీ పదేళ్ల తర్వాత ఆ ఫోటో ఎక్కడ తీశామో మనకే గుర్తుండదు. నేను ఫోన్‌లో లొకేషన్ ఉంచుతాను, బయటికి పంపేటప్పుడు ఆపుతాను. విండోస్‌లో ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో "డీటెయిల్స్" ట్యాబ్ కిందికి వెళ్తే వ్యక్తిగత సమాచారం తీసేసే లింకు ఉంటుంది. రెండొందల వరుసలు చూడాలన్నా, ఒకేసారి వెయ్యి ఫోటోల్లో జీపీఎస్ మాత్రమే తీయాలన్నా ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. కమాండ్లు రాయాల్సి వస్తుంది, మొదటిరోజు విసుగేస్తుంది.

ఇదంతా అమర్చుకున్నాక నేను చేసే ఆఖరి పని: ఫోటో పెట్టిన తర్వాత లాగౌట్ అయి, వేరే బ్రౌజర్‌లో బయటి మనిషిలా ఆ పేజీ తెరిచి, ఫోటో డౌన్‌లోడ్ చేసి, ఎగ్జిఫ్‌టూల్‌లో చూస్తాను. కొంగ ఫోటోకు అలా చూస్తే నా పేరు, కాపీరైట్ సంవత్సరం, కలర్ ప్రొఫైల్ కనిపించాయి, చోటు లేదు. అంతా బాగుందనుకుని ఫోటో వంక మళ్లీ చూశాను. కొంగ వెనక మంచులోంచి నీళ్ల ట్యాంకు మీద ఊరి పేరు మసక మసకగా కనిపిస్తోంది. క్రాప్ చేసి మళ్లీ పెట్టాను, ఈసారి థంబ్‌నెయిల్ కూడా చూసుకుని.